ఎరుపు చుక్క, పచ్చ చుక్క

పెనుకొండ,
జూన్ 12, 2024.

అమ్మా సైమా,

అస్సలాము అలైకుం.

ఫోన్ చేసిన ప్రతిసారీ మీ అమ్మ ఎత్తి, నువ్వు పడుకున్నావని చెబుతోంది. నువ్వు ఎత్తినా మనం మాట్లాడుకునేదేమీ ఉండదు. అటు నువ్వు ఏడుస్తావు, ఇటు నేను ఏడుస్తాను, జమీర్ వచ్చి ఫోన్ లాక్కుంటాడు. నా ఏడో తరగతి చదువు దేనికైనా పనికొస్తుందేమో చూద్దామని పోస్టాఫీసుకు వెళ్లి కవర్లు తెచ్చుకున్నాను.

మూడోసారి కూడా కడుపు నిలవక నువ్వు హిందూపురం వెళ్తానన్నప్పుడు నేను అడ్డు చెప్పలేదు. పుట్టింట్లో కొన్నాళ్లుంటే ఒళ్లు కోలుకుంటుందనుకున్నాను. నెల దాటిపోయింది. జమీర్ ఎర్రమంచి ఫ్యాక్టరీ నుంచి వస్తాడు, అన్నం ముందు కూర్చుంటాడు, చెయ్యి కడుక్కుని లేచిపోతాడు. మొన్న మీ మామయ్య అంగట్లో పరుపు కుడుతూ సూది పక్కన పెట్టి, “సైమా ఉంటే ఈ దారం ఎక్కిస్తాండె” అన్నాడు. ఆయన అంతకంటే మాట్లాడే మనిషి కాదని నీకు తెలుసు కదా.

ఈసారి బూరుగు దూది బాగా వచ్చింది. గింజ తక్కువ. నీ కోసం ఒక దిండు కుట్టి పెట్టాను.

బాబయ్య దర్గాలో నీ పేరున ఫాతెహా ఇప్పించాను. ఎప్పుడు వస్తావో ఒక్క మాట రాయి. రానని రాసినా సరే, రాయి.

దువాలతో,
మీ అత్త మాబున్నీ

*

హిందూపురం,
జూన్ 21, 2024.

అత్తమ్మకు సలాం.

మీ ఉత్తరం చేతికిచ్చి పోస్ట్‌మ్యాన్ కూడా కాసేపు నిలబడ్డాడు. ఈ ఇంటికి బ్యాంకు కాగితాలు తప్ప ఉత్తరమనేది వచ్చి ఎన్నేళ్లయిందో అని అమ్మ అంది. మీరన్నది నిజమే, రాయడమే మేలు. రాస్తే ఏడుపు మధ్యలో అడ్డం రాదు.

నేను అలిగి రాలేదు అత్తమ్మా. మీ ఎదురుగా ఉండలేక వచ్చాను. పోయినసారి కడుపుతో ఉన్నప్పుడు మీరు నన్ను బిందె కూడా ఎత్తనీయలేదు. దూది మూట పక్కకు జరపబోతే పరుగెత్తుకొచ్చి లాక్కున్నారు. అంత కాపాడినా నిలబెట్టుకోలేకపోయాను. మీ ముఖం చూసినప్పుడల్లా అదే గుర్తొచ్చేది.

ఇక మీకు చెప్పకుండా చేసిన పని ఒకటి ఉంది. ఇక్కడి డాక్టరమ్మ, ఇన్నాళ్లూ భార్యకు ఒక్కదానికే పరీక్షలు చేయిస్తే ఎలా, ఇద్దరి రక్తమూ చూడాలి అంది. పోయిన వారం జమీర్, నేను రైల్లో బెంగళూరు వెళ్లి ఒక ల్యాబులో రక్తం ఇచ్చి వచ్చాం. మీరు కంగారు పడతారని, మీకు చెప్పొద్దని జమీర్‌తో అన్నది నేనే.

ల్యాబులో అమృత అనే అమ్మాయి పనిచేస్తోంది. ధర్మవరం పిల్ల, వాళ్లది మగ్గం పట్టిన ఇల్లు. మా మాట చెవిన పడగానే “మీది యా ఊరక్కా?” అంటూ బయటికి వచ్చింది. కాగితం మీద బొమ్మలు గీసి ఓపిగ్గా చెప్పింది. మన ఒంట్లో ప్రతి కణంలోనూ సన్నని పోగుల్లాంటివి ఉంటాయట. క్రోమోజోములంటారు. సగం తల్లి ఇచ్చినవి, సగం తండ్రి ఇచ్చినవి. బిడ్డ ఎలా తయారు కావాలో ఆ పోగుల్లో రాసి ఉంటుంది, ఆ రాతే డీఎన్ఏ. ఒక చోట ఉన్న రాత వరుస ఇంకో చోట ఉండదు. వీళ్లు ఆ వరుసకు సరిగ్గా జోడీ అయ్యే చిన్న డీఎన్ఏ ముక్కను తయారుచేసి దానికి మెరిసే రంగు అంటిస్తారు. దాన్ని ప్రోబ్ అంటారు. గాజుపలక మీద మన కణాలుంచి దాన్ని వేస్తే, తన జోడీ ఎక్కడుందో వెతుక్కుని అక్కడే అతుక్కుంటుంది. మైక్రోస్కోపు కింద, దానికని ఉన్న దీపం వెలుతురులో చూస్తే ఆ చోటు చుక్కలా మెరుస్తుంది. ఒక పోగుకు ఎరుపు, ఇంకో పోగుకు పచ్చ. చుక్కలు ఉండాల్సిన చోట ఉన్నాయా, లేవా అన్నదే పరీక్ష. నేను జాకెట్లు కుడతానని తెలిసి, “ఏ గుండీకి ఆ కాజానే పట్టేది కదక్కా, ఇదీ అట్లే” అంది.

ఫలితం రావడానికి నెల పడుతుందట. అప్పటిదాకా ఇక్కడే ఉండనివ్వండి.

మామయ్యకు సలాం చెప్పండి. దిండు దాచి ఉంచండి.

మీ కోడలు,
సైమా

*

పెనుకొండ,
జూన్ 27, 2024.

అమ్మా సైమా,

నీకు మేలు కలగాలి.

నీ ఉత్తరం చదివి నాకు భయం వేసింది. మెరిసే రంగులు రక్తంలో కలిపితే అవి ఒంట్లో నిలిచిపోవా అని మీ మామయ్యను అడిగాను. ఆయన అద్దాలు పెట్టుకుని ఉత్తరమంతా నిదానంగా చదివి, “గాజు మీద ఏస్తారంట, ఒంట్లోకి కాదు. సరిగ్గా సదువు” అన్నాడు. అప్పుడు కొంచెం కుదుటపడ్డాను. అయినా ఆ దీపం సంగతి నాకు ఇంకా అర్థం కాలేదు.

ఇక్కడ పెళ్లిళ్ల పని మొదలైంది. ఇప్పుడందరూ స్పాంజి పరుపులే అడుగుతున్నారు. ఎండ తగిలితే దూది పొంగుతుంది, స్పాంజికి ఆ ప్రాణం ఎక్కడిది? ఎవరికి చెప్పినా వినరు.

ఒక మాట మాత్రం ఫలితం రాకముందే రాయాలనుకున్నాను. లోపం ఎవరిలో తేలినా, ఇంట్లోంచి మనిషిని పంపించే అలవాటు మాకు లేదు. నువ్వు ఎప్పటికీ మా పిల్లవే.

రేపు గోరంట్ల వెళ్తున్నాను. అక్కడ నాకు ఒక పని ఉంది. అదేమిటో ఇప్పుడు రాయలేను. అయ్యాక నీకే ముందు చెబుతాను.

దువాలతో,
మాబున్నీ

*

హిందూపురం,
జులై 19, 2024.

గౌరవనీయులైన అత్తమ్మ గారికి,

ఫలితం వచ్చింది. రెండు పోగుల చివర్లు ఒకదానికొకటి మారిపోయాయట. మామూలు పరీక్షలో పట్టుబడనంత చిన్న ముక్కలు అవి, ప్రోబులు వేస్తేనే బయటపడ్డాయి. ఎరుపు ఉండాల్సిన చివర పచ్చ చుక్క, పచ్చ ఉండాల్సిన చివర ఎరుపు చుక్క. ఏదీ పోలేదు, చోటు మారింది, అంతే. అందుకే ఆ మనిషికి ఏ జబ్బూ ఉండదు. బిడ్డకు పోగులు పంచేటప్పుడే చిక్కు. మారినవి రెండూ కలిసి వెళ్లినా ఫరవాలేదు, మారనివి రెండూ వెళ్లినా ఫరవాలేదు. మారినది ఒకటి, మారనిది ఒకటి వెళ్తే బిడ్డకు ఒకచోట ఎక్కువై ఇంకోచోట తక్కువవుతుంది. అలాంటి బిడ్డ నిలవదు. మాకు జరిగింది అదే కావచ్చని డాక్టరు చెప్పారు.

ఇద్దరిలో ఎవరికని మీరు అడగొద్దు. నాకే అనుకోండి. మీరు ముందే అనుకున్నారు కదా.

“లోపం ఎవరిలో తేలినా” అని రాశారు. ఆ ఎవరో నేనేనని తెలియనంత చిన్నపిల్లను కాను. మా అన్న మసూద్ స్నేహితుడు ఒకతను మిమ్మల్ని గోరంట్ల బస్టాండులో చూశాడట. షహీన్ అనే అమ్మాయి వచ్చి మిమ్మల్ని వెంటబెట్టుకుని వెళ్లిందట. ఆ పిల్లకు సంబంధాలు చూస్తున్నారని కూడా చెప్పాడు. జమీర్‌కు మళ్లీ పెళ్లి చేస్తారని ఇక్కడ అనుకుంటున్నారు. నిజమైతే నాకే నేరుగా రాయండి. నేను అడ్డం రాను. మీ ఇంట్లో ఉన్నన్నాళ్లూ నన్ను బాగా చూసుకున్నారు. ఎవరు అడిగినా ఆ మాట చెబుతాను.

సైమా

*

పెనుకొండ,
జులై 24, 2024.

సైమా,

సలాం తర్వాత రాస్తాను, ముందు ఇది చదువు. జమీర్‌కు నేను ఎవరినీ చూడలేదు. చూడను.

షహీన్ మా అక్క మనవరాలు. ఆ పిల్లకు నరసమ్మ ఇల్లు తెలుసు కాబట్టి నన్ను తీసుకెళ్లింది. నరసమ్మ నాకు కాన్పులు చేసిన మంత్రసాని. నాకు కాన్పులేమిటి, ఒక్క జమీరే కదా అనుకుంటావు. జమీర్‌కు ముందు ఇద్దరు, తర్వాత ఇద్దరు నా కడుపులోనే పోయారు. నీకు ఈ సంగతి ఎవరూ చెప్పి ఉండరు. మన ఇంట్లో ఆ మాట ఎత్తేవాళ్లు కాదు.

మా అత్త బతికి ఉన్నన్నాళ్లూ, దూది మూటలు మోసి పోగొట్టుకున్నానని అనేది. నేనూ అదే నమ్మాను. అందుకే నీ చేత బిందె ఎత్తనీయలేదు. నీ మీద అనుమానంతో కాదమ్మా, నాకు జరిగింది నీకు జరగకూడదని. నీ ఉత్తరంలో పోగుల సంగతి చదివాక నాకు నిద్ర పట్టలేదు. నా పిల్లలు ఎట్లా పోయారో నరసమ్మనే అడగాలనిపించింది. ఆమెకు ఇప్పుడు కళ్లు సరిగ్గా కనపడవు, నా గొంతు మాత్రం గుర్తుపట్టింది. “మూటలు మోసినోళ్లకి ఎంతమందికి నేను కాన్పు చేయలేదు? నీ తప్పేమీ లేదని ఆ పొద్దే చెప్తిని. నువ్వే యినకపోతివి” అంది.

నీ ఉత్తరం రాగానే జమీర్ చేతికిచ్చాను. వాడు అంగట్లో దూది పక్కనే కూలబడి చదివాడు.  తర్వాత, “అమ్మా, ఆ మారిండేది నాలోనే. నీకు చెప్పొద్దని నేనే అంటిని. సైమా తన మీద ఏసుకుంటాండాది” అన్నాడు. పెళ్లినాడు కూడా తలపాగా పక్కకు జారితే నవ్విన పిల్లవాడు, అట్లా ఏడవడం నేను ఎప్పుడూ చూడలేదు. మీ మామయ్య లేచి వచ్చి వాడి భుజం మీద చెయ్యి వేసి, “నీకు ఇచ్చిండేది మేమే కదరా” అన్నాడు.

సైమా, నా కొడుకు మీద మాట పడకుండా నువ్వు అడ్డం నిలబడ్డావు. అదీ, నేను ఇంకో కోడల్ని వెతుకుతున్నానని అనుకుంటూ కూడా.  నిన్ను కన్న తల్లికి నా సలాములు చెప్పు.

“లోపం ఎవరిలో తేలినా” అన్నప్పుడు నా మనసులో ఉన్నది నేనే. రాయడం చేతకాక అట్లా రాశాను.

అమృతను ఒకటి అడుగు. వాళ్ల దగ్గరున్న ఆ చుక్కలు నా రక్తానికి కూడా వేస్తారా?

నీ అత్త,
మాబున్నీ

*

హిందూపురం,
జులై 29, 2024.

అత్తమ్మా,

మీ ఉత్తరం చదివి అమ్మ నన్ను తిట్టింది. తర్వాత తనే కూర్చుని ఏడ్చింది. మసూద్ అన్న రెండు రోజులుగా నా కంటికి ఎదురుపడటం లేదు.

అమృతకు ఫోన్ చేశాను. వేస్తారట. జమీర్‌కు వాడిన ప్రోబులే మీకూ సరిపోతాయి, తల్లిదండ్రుల్లో ఎవరి నుంచి వచ్చిందో తెలిస్తే వాళ్లకూ మంచిదే అంది. వచ్చేటప్పుడు భోంచేసి రమ్మని చెప్పమంది. రక్తం ఇచ్చేందుకు పస్తుండి వచ్చి కళ్లు తిరిగి పడేవాళ్లు ఎక్కువట.

మీకు నలుగురు పోయారని నాకు ముందే తెలిసి ఉంటే, నేను ఏడ్చిన రోజుల్లో మీ పక్కన వచ్చి పడుకునేదాన్ని. మీరూ అవే రోజులు దాటి వచ్చారని తెలియక గది తలుపు వేసుకున్నాను.

ఆదివారం వస్తున్నాను. జమీర్‌ను పంపొద్దు. నా అంతట నేను బస్సెక్కి వస్తాను, మీరు వాకిట్లో ఉండండి చాలు.

మీ సైమా

*

పెనుకొండ,
మార్చి 24, 2025.

అమ్మా సైమా,

అస్సలాము అలైకుం. కడుపులో ఉన్న బిడ్డకూ సలాం.

బెంగళూరు రైలుకు దగ్గరని నిన్ను మళ్లీ హిందూపురంలో దింపి వచ్చినప్పటి నుంచి ఇల్లు ఖాళీగా ఉంది. పోయిన వారం ఉమ్మనీరు తీశాక నొప్పి తగ్గిందా? జమీర్‌ను అడిగితే అంతా బాగుందంటాడు. వాడికి అంతకంటే మాట రాదు, తండ్రి పోలిక. నువ్వు రాయి. ఆ నీటిలోని బిడ్డ కణాల మీద కూడా అవే ప్రోబులు వేస్తారని చెప్పావు కదా, ఎదురుచూస్తూ కూర్చోలేక ఒక పని చేసి వచ్చాను. అది రాస్తాను.

దానికి ముందు, నీకు చెప్పని మాట ఒకటి. పోయిన సెప్టెంబరులో అమృత మైక్రోస్కోపు గదిలో లైటు ఆర్పి నా పోగులను తెర మీద చూపించింది కదా. జమీర్‌కు ఉన్నట్టే, ఎరుపు చోట పచ్చ, పచ్చ చోట ఎరుపు. నువ్వు నా చెయ్యి పట్టుకుని ఏడ్చావు. నాకు బాధ కలిగిందనుకున్నావు. నాకు బాధ కలగలేదు సైమా. నేను పుట్టినప్పటి నుంచీ అవి అట్లాగే ఉన్నాయని అమృత చెబుతోంటే, మూటలు ఎత్తిన నా చేతుల వైపు చూసుకున్నాను. ఈ చేతులు ఏమీ చేయలేదు. ఆ నలుగురినీ నేను పోగొట్టలేదు. ఇంటికి వచ్చి రెండు రకాతుల నమాజు చేశాను.

అప్పటి నుంచీ అమృతకు ఏదైనా ఇవ్వాలని నాకు ఉండేది. ఆ పిల్ల ఏమీ పుచ్చుకోదు. అందుకని మొన్న మీ మామయ్యా, నేనూ ధర్మవరం వెళ్లి వాళ్ల అమ్మను కలిశాం. ఆమె పేరు కమలాక్షి. మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని రోజంతా చెక్క మీద కూర్చుని నేస్తుందని అమృత ఒకసారి అంది కదా. ఆ చెక్క కొలత అమృతనే అడిగి తెప్పించుకుని, మంచి బూరుగు దూదితో ఒక మెత్త కుట్టాను. గట్టిగా కూరాను, తొందరగా అణిగిపోదు.

ఆమె తీసుకుని, ఎందుకిదని అడిగింది. మీ అమ్మాయి మాకు చేసిన మేలుకని చెప్పాను. ఆమెకు ఏమీ అర్థం కాలేదు. “మా పాప ఆడ ఏమి చేస్తాదో నాకు తెలీదమ్మా. చీకటి గదిలో చుక్కలు చూస్తానంటాది. దానికి జీతమిస్తారా అని నవ్వుకుంటాంటి” అంది. అప్పుడు మగ్గం పక్కనే కూర్చుని నా కథంతా చెప్పాను. ఆమె నేత ఆపి విన్నది. అంతా విన్నాక కొంగుతో కళ్లు తుడుచుకుని, “ఈ మాట నాకు చెప్పేకి ఇంత దూరం వస్తిరా? మేలు చేస్తిరమ్మా” అంది. ఆమెకు కృతజ్ఞత చెప్పడానికి వెళితే ఆమే మాకు చెప్పింది. బొరుగుల తిరగవాత చేసి పెట్టి, తినేదాకా కదలనీయలేదు. ఆ మెత్త మీద కూర్చుని చూసుకుని, బాగుందంది.

ఫలితం ఏదైనా కానీ, నేను నీ పక్కనే ఉంటాను. అది వచ్చిన రోజే నాకు ఫోన్ చెయ్యి. ఏడుపు వస్తే ఉత్తరం రాయి.

నీ అత్త

*

హిందూపురం,
ఏప్రిల్ 9, 2025.

అత్తమ్మా,

ఫోన్‌లో “మంచిదే” అన్న ఒక్క మాట తప్ప చెప్పలేకపోయాను. మీరు ఎలా తీసుకుంటారో తెలియక మిగతాది రాస్తున్నాను.

బిడ్డ బాగుంది. ఎక్కువ తక్కువలు ఏవీ లేవు. కానీ మారిన పోగులు రెండూ జమీర్ నుంచి కలిసి వచ్చాయి. మీలో ఉన్నవి, జమీర్‌లో ఉన్నవి, ఇప్పుడు బిడ్డలో ఉన్నాయి. బిడ్డ మీ ఇద్దరిలాగే ఆరోగ్యంగా పెరుగుతుందని, పెళ్లై పిల్లలను కనేటప్పుడు మాత్రం ఈ పరీక్షలు అవసరమని డాక్టరు చెప్పారు. మగా ఆడా అన్నది చట్టప్రకారం చెప్పరు, మేమూ అడగలేదు.

ఆ మాట వినగానే జమీర్ ముఖం వాడిపోయింది. “నాది పోయి దానికి కూడా తగులుకునె” అన్నాడు. నేనేమో సంతోషంతో ఏడుస్తున్నాను. మా ఇద్దరినీ చూసి ఎవరికి నీళ్లివ్వాలో తెలియక అమృత రెండు గ్లాసులు తెచ్చింది. మీకు ఇది బాధ కలిగిస్తే, జమీర్‌కు కాకుండా నాకే చెప్పండి. అతను ఇప్పుడు తట్టుకోలేడు.

మీ మెత్త గురించి అమృత అడగకుండానే చెప్పింది. వాళ్ల అమ్మ ఇప్పుడు వచ్చిన వాళ్లందరికీ తన కూతురు చేసే పని వివరిస్తోందట. సగం తప్పులేనట. సరిదిద్దలేక ఊరుకుందట.

కాళ్లు కొంచెం వాస్తున్నాయి. నిద్ర పడుతోంది. రాత్రి బిడ్డ కదిలింది, మొదటిసారి.

మీ సైమా

*

పెనుకొండ,
సెప్టెంబరు 5, 2025.

అమ్మా సైమా,

నీకూ పాపకూ సలాం.

నిన్న సాయంత్రం ఇంటికి చేరాం. మీ అమ్మ కట్టిచ్చిన రాగి లడ్లు బస్సులోనే సగం మీ మామయ్య తినేశాడు. పాప తుమ్మితే ఎట్లా ముఖం పెడుతుందో బస్సులో పక్కవాళ్లకు చేసి చూపించాడు. ఇన్నేళ్ల కాపురంలో ఆయన ఒక ముక్కూముఖం తెలియని మనిషితో తనంతట మాట్లాడటం నేను చూడలేదు.

బిడ్డను నా చేతిలో పెట్టిన రోజు నేను ఏమీ మాట్లాడలేదని నువ్వు మీ అమ్మతో అన్నావట.  ఆ రోజు మనసులో నేను పేరు పేరునా తలుచుకున్నవాళ్లు చాలామంది. డాక్టరమ్మ, అమృత, కమలాక్షి, గుడ్డి కళ్లతో నన్ను గుర్తుపట్టిన నరసమ్మ. ఆ ప్రోబులను మొదట ఎవరు కనిపెట్టారో వాళ్ల పేరు నాకు తెలియదు, వాళ్లకూ దువా చేశాను. అందరికంటే ముందు నీకు.

ఏప్రిల్‌లో నువ్వు రాసిన ఉత్తరానికి నేను జవాబు ఇవ్వలేదు. నీ మనసులో అది ఉండిపోయిందని నాకు తెలుసు. ఇప్పుడు ఇస్తున్నాను. నాకు బాధ కలగలేదు. జమీర్‌తో నేనే మాట్లాడాను. “ఇది ఉండీ నేను బతికినాను, నువ్వూ బతికినావు. అదీ బతుకుతాది. మనకు తెలీక ఏడిస్తిమి, దానికి తెలిసి ఉంటాది” అన్నాను. వాడు పాపను ఎత్తుకుని అటూ ఇటూ నడుస్తూ విన్నాడు. తర్వాత ఆ మాట ఎత్తలేదు. పాప చెయ్యి మాత్రం వదల్లేదు.

చూడటానికి వచ్చిన వాళ్లంతా పోలికలు వెతుకుతున్నారు. కళ్లు నీవన్నారు. ముక్కు జమీర్‌దన్నారు. నుదురు తనదని మీ మామయ్య పట్టుబట్టాడు. నా పోలిక ఎక్కడా లేదని మీ అమ్మ నవ్వింది. నేనూ నవ్వి ఊరుకున్నాను.

అది పెద్దదయ్యాక, పెళ్లి మాటలు రాకముందే, మనం దాన్ని కూర్చోబెట్టి ఈ పోగుల సంగతి చెప్పాలి సైమా. దాచిపెట్టి కాదు, భయపెట్టి కాదు. “కండ్లు మీ అమ్మవి, ముక్కు మీ నాయనది, ఇది మీ అవ్వ ఇచ్చింది” అని చెప్పాలి. నేను ఉంటే నేనే చెబుతాను. లేకపోతే నా మాటగా నువ్వు చెప్పు.

పాపకు ముద్దులు.

వాళ్ల అవ్వ,
మాబున్నీ